వాణి, వీణ, వేణు ఒకే ఫైలైపోయారు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఫైళ్ల పేర్ల గురించే ఉన్నాయి. ఎవరికి వారు విడిగా రాసినా గొడవ ఒకే కుదుట్లోది. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని సామెతలు సేకరించారు. తలా ఒక ఫైలు చేసి, దానికి తమ పేరు తెలుగులో పెట్టి వాట్సాప్‌లో పంపారు. మా అబ్బాయి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి వాటన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి చేర్చాడు. 38 ఉండాలి, 34 మాత్రమే ఉన్నాయి. ఉన్నవాటి పేర్లు కూడా చెడిపోయాయి. ఒకటి ‘వణ’, ఒకటి ‘రజ’, ఇంకొకటి ‘గర’. మావాడేమో “తెలుగులో పేర్లు పెడితే ఇంతేనమ్మా” అంటున్నాడు. నిజమేనా? పిల్లల ఫైళ్లు మళ్లీ దొరుకుతాయా?
— ఒక ఉపాధ్యాయిని, నంద్యాల

జవాబు: నిజం కాదు టీచర్ గారూ. పిల్లలు చేసింది సరైన పనే, మీరు చెప్పిందీ సరైనదే. పొరపాటు ప్రోగ్రామ్‌లో ఉంది. మీరు రాసిన ఆ మూడు పేర్లను బట్టే ఎక్కడుందో చెప్పగలను.

మీ తరగతిలో వాణి, వీణ, వేణు అని ముగ్గురు పిల్లలు ఉండి ఉంటారు. ఈ మూడు పేర్లను పలక మీద రాసి గుణింతాలు చెరిపేయండి. వాణిలో దీర్ఘం, గుడి పోతాయి. వీణలో గుడిదీర్ఘం పోతుంది. వేణులో ఏత్వం, కొమ్ము పోతాయి. మూడు చోట్లా మిగిలేది ‘వణ’. అలాగే రాజు, రోజా ఇద్దరూ ‘రజ’ అవుతారు. గిరి, గౌరి ఇద్దరూ ‘గర’ అవుతారు. ప్రోగ్రామ్ మొదట వాణి ఫైలును ‘వణ’ అని పెట్టింది. తర్వాత వీణది అదే పేరుతో వచ్చి దాని మీద కూర్చుంది. ఆ తర్వాత వేణుది వచ్చింది. ముగ్గురిలో ఆఖరున వచ్చినవారి సామెతలే మిగిలాయి. వణలో ఇద్దరు, రజలో ఒకరు, గరలో ఒకరు పోయారు. మీ నాలుగు ఫైళ్ల లెక్క సరిపోయింది.

ఇలా ఎందుకవుతుందో మీ అబ్బాయికి చెప్పండి. ఫైలు పేరులో పనికిరాని గుర్తులను తీసేయడానికి చాలామంది ప్రోగ్రామర్లు ‘అక్షరాలు, అంకెలు ఉంచు, మిగతావి తీసెయ్’ అని ఒక లైను రాస్తారు. పైథాన్‌లో దానికి వాడే గుర్తు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w). అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో మన ‘వ’, ‘ణ’ అక్షరాలు. గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు మాత్రం అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే గుర్తులు. పైథాన్‌తో పాటు వచ్చే, రాతలో నమూనాలు వెతికే రెజెక్స్ లైబ్రరీ ఆ గుర్తులను ‘మిగతావి’ కింద జమకడుతుంది. అందుకే ‘తెలుగు’ అని ఇస్తే ‘తలగ’ అని తిరిగిస్తుంది. వెబ్‌పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్‌లో ఇంకా ఘోరం. అక్కడ అదే గుర్తుకు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేవీ లెక్కలోకి రావు. పేరంతా ఊడిపోయి చివర చుక్క, పీడీఎఫ్ అనే మూడక్షరాలు మిగులుతాయి. విండోస్ లాంటి మరో వ్యవస్థ అయిన లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేరు కంటికి కనబడకుండా దాక్కుంటుంది కూడా. ఫైలు ఉంటుంది, ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పిల్లలు పంపినవి మీ వాట్సాప్‌లోనే ఉన్నాయి. చాట్‌లు చెరపకండి. ఫోన్‌లో ఖాళీ చేసే యాప్ ఏదైనా ఉంటే దాన్ని కొన్నాళ్లు ముట్టుకోకండి. నాలుగు ఫైళ్లనూ అక్కడి నుంచి మళ్లీ దించుకోండి. ప్రోగ్రామ్‌లో రెండు మార్పులు చాలు. ఒకటి, ఏవి ఉంచాలో చెప్పే బదులు ఏవి కూడదో వాటినే తీసేయమనాలి. అవి తొమ్మిదే, కింద తెనాలి పాఠకుడికి చెప్పాను. రెండోది ఇంకా ముఖ్యం. ఆ పేరుతో ఇప్పటికే ఫైలు ఉంటే దాని మీద రాయకుండా ఆగిపోవాలి. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు ‘డబ్ల్యూ’ మోడ్ బదులు ‘ఎక్స్’ మోడ్ పెడితే అదే పని చేస్తుంది. అప్పుడు వీణ దగ్గరే ప్రోగ్రామ్ ఆగి ఎర్రర్ చూపించేది, మీకు వెంటనే తెలిసేది.

వచ్చే ఏడాది పేరు ముందు రోల్ నంబరు పెట్టించండి. 07 వాణి, 08 వీణ అని. పేరు మాత్రం తెలుగులోనే ఉండనివ్వండి. తన పేరును తెలుగులో రాసి పంపిన పిల్లకు “అలా రాస్తే కంప్యూటర్ ఒప్పుకోదు” అని చెప్పే రోజు రాకూడదని నా కోరిక. హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. కొత్త ప్రోగ్రామ్ ఏది చేతికొచ్చినా నేను మొదట ఎక్కించే ఫైలుకు గుణింతాలతో నిండిన తెలుగు పేరే ఉంటుంది.

ప్రశ్న: నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఉద్యోగాల అప్లికేషన్లు, స్కాలర్‌షిప్‌లు నింపుతుంటాం. కస్టమర్లు తెచ్చే ఫైళ్లు కొన్ని అప్‌లోడ్ కావు. ‘ఇన్‌వ్యాలిడ్ ఫైల్’ అంటుంది, ఎందుకో చెప్పదు. చివరి తేదీ రోజు టెన్షన్ అంతా ఇంతా కాదు. ఏ గుర్తులు పెట్టకూడదో చెప్పండి మేడమ్.
— తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: విండోస్ అసలే ఒప్పుకోని గుర్తులు తొమ్మిది: \ / : * ? " < > |. వీటితో మీకు పేచీ రాదు, విండోస్ టైపు చేయనివ్వదు కాబట్టి. గొడవంతా విండోస్ ఒప్పుకుని వెబ్‌సైట్ ఒప్పుకోని వాటితోనే.

# గుర్తు వెబ్ అడ్రసులో ‘ఇక్కడితో ఫైలు పేరు అయిపోయింది’ అని అర్థమిస్తుంది. ‘బిల్ #12’ అని పెడితే కొన్ని సైట్లు ‘బిల్’ దగ్గరే ఆగి, అలాంటి ఫైలు లేదంటాయి. % తర్వాత వచ్చే రెండు అంకెలను సంకేతం అనుకుంటాయి. అడ్రసులో ఖాళీని %20 అని రాయడం మీరు చూసే ఉంటారు. & గుర్తును రెండు వివరాల మధ్య గోడగా వాడతారు కాబట్టి ‘ఆధార్ ముందు & వెనుక’ అన్న పేరు మధ్యలో విరగొచ్చు. + గుర్తు కొన్నిచోట్ల ఖాళీగా మారిపోతుంది. సింగిల్ కోట్‌ను భయంతోనే ఆపేస్తారు, డేటాబేస్‌లోకి దొంగదారిన దూరడానికి దాన్ని వాడతారని. ఎమోజీలూ వద్దు. కంప్యూటర్‌లో రాత పట్టే చోటును బైట్లలో కొలుస్తారు. మన తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు పడితే, ఎమోజీకి నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ‘యూటీఎఫ్8’ అని పిలిచే పాత ఏర్పాటులో మూడుకు మించి పట్టవు.

మీ దగ్గర చివరి తేదీ తరుముతుంటుంది కాబట్టి ఇక్కడ మాత్రం ఆదర్శం పక్కన పెడతాను. పోర్టల్‌లోకి వెళ్లే కాపీకి ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, చివర ఒకటే చుక్క. అంతకు మించి ఏమీ వద్దు. అసలు ఫైలు కస్టమర్ పెట్టిన పేరుతోనే అతని పెన్‌డ్రైవ్‌లో ఉండనివ్వండి. తేదీ పెట్టాలంటే సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు పెట్టండి. ఫైళ్లు వాటంతటవే వరసలో ఉంటాయి.

ఇంకొకటి. కాంట్రాక్టును కుదించి సీ, ఓ, ఎన్ అని మూడక్షరాల పేరు పెట్టబోతే విండోస్ వద్దంటుంది. ఏయూఎక్స్, పీఆర్‌ఎన్, ఎన్‌యూఎల్ కూడా అంతే. విండోస్‌కు ముందున్న డాస్ కాలంలో అవి కీబోర్డు, ప్రింటర్ లాంటి పరికరాల పేర్లు. విండోస్ 95, 98లలో సీ డ్రైవ్ కింద ఆ మొదటి పేరును రెండుసార్లు వరసగా రాసి తెరవబోతే కంప్యూటర్ మొత్తం పడిపోయేది. దానికి మైక్రోసాఫ్ట్ 2000 మార్చిలో మందు వేసింది. ఆ పేర్లను మాత్రం విండోస్ ఇప్పటికీ తన దగ్గరే అట్టిపెట్టుకుంది.

ప్రశ్న: మా తెలుగు సంఘం వెబ్‌సైట్‌లో నెలకో బొమ్మ చొప్పున పన్నెండు తెలుగు నెలల బొమ్మలు పెట్టాను. ఫైళ్లు నా పాత మ్యాక్‌లో తయారుచేసి లినక్స్ సర్వర్‌కు ఎక్కించాను. పది నెలలు చక్కగా వస్తున్నాయి. చైత్రం, వైశాఖం మాత్రం రావడం లేదు! పేరు అక్షరం అక్షరం సరిచూశాను. వారం రోజులుగా ఇదే పని. పిచ్చెక్కుతోంది.
— బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. ఇంత శుభ్రంగా బయటపడ్డ బగ్‌ను నేను చాలా రోజులుగా చూడలేదు.

పన్నెండు నెలల పేర్లలో ఐత్వం ఉన్నవి రెండే, చైత్రం, వైశాఖం. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. ఒకటి, ఐత్వం మొత్తం ఒకే గుర్తుగా. రెండోది, పైన ఎత్వం, కింద చిన్న తోక, రెండు గుర్తులుగా. తెలుగులో ఇలా అధికారికంగా రెండుగా విడదీయగలిగిన గుర్తు ఇదొక్కటే. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంటికి తేడా పట్టదు. 1998 నుంచి మ్యాక్‌లలో ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే డిస్కు పద్ధతి ప్రతి ఫైలు పేరునూ విడగొట్టి దాచుకుంటుంది. మీరు ‘చైత్రం’ అని టైపు చేశారు, అది విడదీసి రాసుకుంది. సర్వర్‌కు ఆ విడదీసిన పేరే చేరింది. వెబ్‌పేజీలో మీరు టైపు చేసింది కలిపి రాసిన ఐత్వం. లినక్స్‌కు తెలుగుతో పనిలేదు, బైట్లు సరిపోయాయా లేదా అనేదే చూస్తుంది. సరిపోలేదు కాబట్టి ఫైలు లేదంది.

సర్వర్‌లో కాన్వ్‌ఎమ్‌వీ అనే చిన్న పనిముట్టును ఇన్‌స్టాల్ చేసుకోండి. దానికి ‘ఎన్‌ఎఫ్‌సీ’ అని ఆప్షన్ ఇస్తే విడిపోయిన గుర్తులను కలిపేస్తుంది. మొదట ఏమీ మార్చకుండా, ఏం మారుస్తానో మాత్రమే చూపిస్తుంది. చూసి, ‘నోటెస్ట్’ అని చేర్చి మళ్లీ నడపండి. 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పద్ధతి ఉన్న కొత్త మ్యాక్‌లు పేరును ఎలా ఇస్తే అలాగే ఉంచుతాయి. మీ దగ్గర రైతు, వైద్యం, హైదరాబాద్ లాంటి పేర్లున్న పాత ఫైళ్లు ఇంకా ఉంటే అవీ ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఒకప్పుడు ‘జ్ఞా’ అక్షరం వల్ల ఐఫోన్లు పాడయ్యాయి కదా. ఇప్పుడు ‘జ్ఞాపకాలు’ అని ఫోల్డర్‌కు పేరు పెట్టొచ్చా?
— అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిశ్చింతగా పెట్టండి. అది 2018 ఫిబ్రవరి నాటి సంగతి. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పుడు అందరూ ‘ఐఫోన్‌ను కూల్చిన తెలుగు అక్షరం’ అని రాశారు. చదివి చాలా బాధపడ్డాను. మనం మామూలుగా రాసే ‘జ్ఞా’ ఏ ఫోన్‌నూ ఏమీ చేయలేదు. ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు ఇరికితేనే, దాన్ని తెర మీద గీయడం చేతగాక ఫోన్ పడిపోయింది. బెంగాలీ, దేవనాగరి అక్షరాలతోనూ అదే జరిగింది. గీయలేకపోయిన ప్రోగ్రామ్‌ను వదిలేసి నేరం అక్షరం మీద మోపారు.

ఆ కనబడని గుర్తు మనకు రోజూ పనికొచ్చేదే. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ‘వ’ కిందికి దిగి ఒత్తుగా మారకుండా ఆపేది అదే. కాకపోతే పేరు చివర పొల్లు తర్వాత అది పొరపాటున పడితే, ఒకేలా కనిపించే రెండు ‘బిల్’ ఫోల్డర్లు తయారవుతాయి. అలా జరిగితే రెండో దాని పేరు మొత్తం చెరిపి కొత్తగా టైపు చేయండి.

ప్రశ్న: మేం కొందరం పాత తెలుగు పత్రికలు స్కాన్ చేస్తున్నాం. పత్రిక, సంచిక, వ్యాసం, రచయిత అన్నీ ఫైలు పేరులోనే ఉండాలని మా నియమం. విండోస్‌లో బాగానే ఉంది. లినక్స్ సర్వర్‌కు కాపీ చేస్తే కొన్ని ‘పేరు చాలా పొడుగు’ అని ఆగిపోతున్నాయి.
— రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: విండోస్ గుర్తుల్ని లెక్కపెడుతుంది, పేరుకు 255 దాకా ఇస్తుంది. లినక్స్ బైట్లను లెక్కపెడుతుంది, అదీ 255కే ఆపుతుంది. ఇంగ్లీషులో గుర్తుకు ఒక బైటే కాబట్టి వాళ్లకు తేడా తెలియదు. మనకు మూడేసి బైట్లు, అంటే 85 గుర్తులకే నిండిపోతుంది. అందులో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘శ్రీ’ ఒక్కటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. పేరులో పత్రిక, సంవత్సరం, సంచిక సంఖ్య, పేజీ మాత్రం ఉంచండి. వ్యాసం, రచయిత వివరాలు ఒక పట్టికలో రాసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. పని ఇంకా పెరగకముందే మార్చుకోండి.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ రెండో సంవత్సరం. ల్యాబ్‌లో లినక్స్ నేర్చుకుంటున్నాను. ఒక ఫైలు పేరు హైఫన్‌తో మొదలైంది. దాన్ని ఎంత చెరిపినా పోవడం లేదు. మా సార్ “పేర్లలో స్పేస్, హైఫన్ పెట్టకండి” అని వదిలేశారు. స్పేస్ పెడితే నిజంగా అంత ప్రమాదమా?
— వరంగల్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, చెరిపే కమాండ్ ఆ హైఫన్‌ను చూసి, నువ్వు తనకేదో ఆప్షన్ ఇస్తున్నావనుకుంటోంది. పేరుకు ముందు ./ చేర్చు. లేదా కమాండ్ తర్వాత -- పెట్టి, ఆపైన పేరు రాయి. ‘ఆప్షన్లు అయిపోయాయి, ఇక వచ్చేవన్నీ పేర్లే’ అని దానర్థం.

లినక్స్ ఫైలు పేరులో కూడనివి రెండే. ఒకటి /, రెండోది విలువ సున్నాగా ఉండే బైటు, అంటే సున్నా బైటు. ఖాళీ, కొత్త లైను, నక్షత్రం గుర్తు, అన్నీ పేరులో ఉండొచ్చు. కాబట్టి స్పేస్ పెట్టినవాడిది తప్పు కాదు. స్పేస్ రాదనుకుని స్క్రిప్టు రాసినవాడిదే తప్పు. ఆ తప్పు పెద్ద పెద్దవాళ్లూ చేశారు. 2001 నవంబరులో ఆపిల్ తన పాటల ప్రోగ్రామ్ ఐట్యూన్స్ 2.0 విడుదల చేసింది. పాత కాపీని తీసేసే లైనులో డిస్కు పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. దాంతో పేరులో స్పేస్ ఉన్న కొందరి డిస్కులు చెరిగిపోయాయి. ఆపిల్ దాన్ని వెనక్కి తీసుకుని 2.0.1 ఇవ్వాల్సి వచ్చింది. 2011లో బంబుల్‌బీ అనే లినక్స్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో, ఫోల్డర్ దారి మధ్యలో పొరపాటున ఒక స్పేస్ పడింది. లోపలి చిన్న ఫోల్డర్‌ను తీసేయాల్సిన కమాండ్, వ్యవస్థకు ప్రాణమైన పెద్ద ఫోల్డర్‌నే తీసేసింది.

నా సంగతి కూడా చెబుతాను. 2011 వేసవిలో రేపల్లెలో మా అమ్మ చేత పాటలు పాడించి ఫోన్‌లో రికార్డు చేశాను. మంగళహారతులు, లాలిపాటలు, దంపుళ్ల పాటలు, మొత్తం 34. ‘లాలి పాట 1’, ‘అమ్మ - తులసి హారతి’, ఇలా పేర్లు పెట్టుకున్నాను. రాత్రిళ్లు బ్యాకప్ తీయడానికి నేనే ఒక స్క్రిప్టు రాశాను. ఫోల్డర్‌లో పేర్ల జాబితా తీసి ఒక్కొక్కటీ కాపీ చేయమన్నాను. కొటేషన్లు పెట్టలేదు. ‘లాలి పాట 1’ దానికి మూడు ముక్కలుగా కనబడింది. ‘లాలి’ అనే ఫైలు లేదు, ‘పాట’ అనే ఫైలు లేదు, అని రోజూ చెప్పే ఉంటుంది. ఎర్రర్లు తెర మీదికి రాకుండా చేసింది కూడా నేనే. మరుసటి ఏడాది అమ్మ పోయింది. 2013లో హార్డ్‌డిస్క్ పాడైంది. బ్యాకప్ తెరిస్తే ఆరు పాటలున్నాయి. ఒకే మాటతో పేరు పెట్టిన ఆరు. డిస్కు బాగుచేసేవాళ్ల దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. మిగతా 28 రాలేదు.

కాబట్టి మూడు పనులు చెయ్యి. స్క్రిప్టులో ఫైలు పేరున్న ప్రతి చోటా వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెట్టు. జాబితా తీసే కమాండ్ మీద లూప్ తిప్పకు. నక్షత్రం గుర్తుతో నేరుగా తిప్పు, పేర్లు ముక్కలు కావు. ఫైండ్ కమాండ్ ఇచ్చినవి ఎక్స్ఆర్గ్స్‌కు పంపేటప్పుడు ‘ప్రింట్0’ వాడు, అటువైపు ఎక్స్ఆర్గ్స్‌కు ‘-0’ ఇవ్వు. అప్పుడు పేర్ల మధ్య గోడగా సున్నా బైటు ఉంటుంది, పేరులోపలికి అది ఎప్పటికీ రాదు కాబట్టి తికమక ఉండదు. ఎర్రర్లను మాత్రం దాచకు, పొద్దున్నే చదువు.

కొత్త స్క్రిప్టును అసలు ఫైళ్ల మీద నడపకముందు పరీక్షించడానికి నా కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉంది. నువ్వూ ఒకటి చేసుకో. నాదాంట్లో హైఫన్‌తో మొదలయ్యే పేరొకటి, రెండు స్పేస్‌లు పక్కపక్కన ఉన్నదొకటి, మధ్యలో కొత్త లైను పడినదొకటి, నక్షత్రం గుర్తు ఉన్నదొకటి ఉంటాయి. ఐత్వం రెండు విధాలుగా రాసిన ‘చైత్రం’లు రెండింటిని బెంగళూరు ఉత్తరం వచ్చాక చేర్చాను. వాణి, వీణ, వేణు ఈ నెలే చేరారు. అన్నిటికన్నా ముందు నుంచీ ఉన్నది ‘అమ్మ - తులసి హారతి’. సున్నా బైట్ల ఖాళీ ఫైలది. అది అటువైపు చేరిందని చూసుకున్నాకే స్క్రిప్టును పనిలో పెడతాను.